టెక్సాస్ గోల్ఫ్ సారు హార్వీ పెనిక్

మా చిన్నమామ బెంగళూరులో ఒక గోల్ఫ్ మైదానంలో కేడీ. కేడీ అంటే ఆడేవాళ్ళ వెనకాల సంచి మోసుకొని నడిచే మనిషి. ఆ సంచిలో 14 కర్రల దాకా ఉంటాయి. అంతకు మించి ఉండకూడదని ఆట రూలు. హోసూరులో ఇంకా చీకటిగా ఉండగానే బస్సెక్కి పోతాడు, మధ్యాహ్నం దాటినాక వస్తాడు. పోయిన వేసవి సెలవుల్లో ఆయన ఒక చిన్న ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన పాత సామాన్లతో పాటు ఇచ్చినారంట. "ఇది రాసినాయన కూడా నా మాదిరి కేడీనే అంటమ్మా. లోపల ఏముందో చదివి చెప్పు" అన్నాడు.

అది ఇంగ్లీషు పుస్తకం, నాది తెలుగు మీడియం. మొదటి పది పేజీలకు వారం పట్టింది. తర్వాత అలవాటైపోయింది, ఎందుకంటే ఆయన కష్టమైన మాటలు వాడలేదు. మా సోషల్ సారు "ఈసారి పత్రికకు చరిత్ర వ్యాసం రాసేవాళ్ళు రాజుల్ని వదిలేయండి, ఏదో ఒక పని జీవితమంతా చేసిన మనిషిని తీసుకోండి" అన్నప్పుడు నాకు ఆ పుస్తకం రాసినాయనే గుర్తొచ్చినాడు. ఆయన పేరు హార్వీ పెనిక్. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం గోల్ఫ్ జట్టుకు 33 ఏళ్ళు కోచ్‌గా పని చేశారు.

మనలో చాలామందికి గోల్ఫ్ తెలియదు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. పెద్ద పచ్చిక మైదానంలో 18 గుంతలుంటాయి. ఒక్కో గుంతకు దూరంగా ఒక మొదలు చోటు ఉంటుంది. అక్కడి నుంచి చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంతలో వెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో 18 గుంతలూ పూర్తి చేస్తారో వాళ్ళు గెలిచినట్టు. గుంత చుట్టూ పచ్చికను చాప మాదిరి నున్నగా కత్తిరించి ఉంచుతారు. అక్కడ బంతిని ఎగరగొట్టరు, మెల్లగా దొర్లిస్తారు. మన గోలీలాట గుర్తు చేసుకుంటే సగం అర్థమైనట్టే.

పెనిక్ 1904 అక్టోబరు 23న టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో పుట్టారు. ఎనిమిదేళ్ళప్పుడు ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో కేడీగా చేరారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పెద్దవాళ్ళ సంచులు మోయడమంటే ఈ రోజుల్లో కేసవుతుంది. అప్పుడు అక్కడ అది మామూలు. టెక్సాస్‌లోనే ఫోర్ట్‌వర్త్ అనే ఇంకో ఊళ్ళో బైరన్ నెల్సన్, బెన్ హోగన్ అనే ఇద్దరు పిల్లలు కూడా ఒకే క్లబ్‌లో కేడీలుగా మొదలుపెట్టి తర్వాత ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్ళయ్యారు. డబ్బున్నవాళ్ళ ఆటను సంచి మోసే పిల్లలు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నారన్నమాట. ఈ మాట చెప్తే మా మామ "చూడకుండా ఎట్లుంటాం, రోజంతా చూసేదే కదా పని" అన్నాడు.

పెనిక్ అదే క్లబ్‌లో మెల్లగా సహాయకుడయ్యారు. 1923లో, పద్దెనిమిదేళ్ళకే, ప్రధాన శిక్షకుడయ్యారు. 1971 దాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నారు, ఆ తర్వాత అది ఆయన కొడుకు టిన్స్‌లీకి వచ్చింది. ఆయన కూడా మొదట పెద్ద పోటీల్లో ఆడి పేరు తెచ్చుకోవాలనుకున్నారు. అయితే హ్యూస్టన్‌లో ఒక పోటీ దగ్గర శామ్ స్నీడ్ అనే కుర్రవాడు బంతిని కొట్టగా వచ్చిన చప్పుడు విన్నారు. అప్పటికి స్నీడ్ ఎవరో ఎవరికీ తెలియదు. ఆ చప్పుడు తన కర్ర నుంచి ఎప్పటికీ రాదని పెనిక్‌కు అక్కడే అర్థమైపోయింది. తన పని ఆడటం కాదు, నేర్పడం అని ఆ రోజే తేల్చుకున్నారు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది. నేనైతే వారం రోజులు ఏడ్చేదాన్ని. ఆయన ఇంటికి పోయి పాఠాలు చెప్పుకున్నారు.

కోచ్ పని 1931లో మొదలైంది. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. ఆ కాలంలో అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం నడుస్తోంది. బ్యాంకులు మూతపడుతున్నాయి, జనానికి పనులు లేవు. ఆయన క్లబ్ ఉద్యోగం వదిలిపెట్టకుండానే విశ్వవిద్యాలయం పిల్లలకు కూడా నేర్పారు. అప్పట్లో టెక్సాస్, అర్కన్సాస్ రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి ఆడే పోటీని సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అనేవాళ్ళు. మనకు జోనల్ పోటీలున్నట్టు అనుకోండి. 1932 నుంచి 1935 దాకా వరసగా నాలుగేళ్ళు టెక్సాస్ జట్టే గెలిచింది. 1937 నుంచి 1939 దాకా మూడేళ్ళు, 1941 నుంచి 1947 దాకా ఏడేళ్ళు, 1949 నుంచి 1952 దాకా నాలుగేళ్ళు, తర్వాత 1954లో, 1957లో, చివరికి ఆయన మానేసిన 1963లో కూడా గెలిచింది. కూడితే 21. నేను రెండుసార్లు కూడి చూశాను. 33 ఏళ్ళలో 21 సార్లు! మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం కూడా వచ్చి పోయింది.

ఇంత గెలిచినా, దేశం మొత్తం మీద కాలేజీ జట్లకు జరిగే పోటీ ఒకటుంది, ఎన్‌సీఏఏ పోటీ అంటారు. అందులో ఆయన జట్టు ఒక్కసారి కూడా మొదటి స్థానం తెచ్చుకోలేదు. 1935లో ఎడ్ వైట్ అనే ఆయన శిష్యుడు విడిగా ఆటగాళ్ళ పోటీలో జాతీయ విజేత అయ్యాడు. జట్టుకు మాత్రం రాలేదు. 1963లో పెనిక్ తప్పుకున్నాక జార్జ్ హానన్ అనే ఆయన కోచ్ అయ్యారు. 1971లో, 1972లో టెక్సాస్ జట్టు జాతీయ విజేత అయింది. రికార్డు పుస్తకంలో ఆ రెండూ హానన్ పేరు మీదే ఉంటాయి.

ఆ జట్టులో ముఖ్యమైనవాళ్ళు ఇద్దరు, బెన్ క్రెన్‌షా, టామ్ కైట్. క్రెన్‌షా 1971, 1972, 1973లో మూడేళ్ళూ జాతీయ కాలేజీ విజేత. అందులో 1972లో కైట్‌తో సమానంగా నిలిచి ఇద్దరూ పంచుకున్నారు. ఈ ఇద్దరికీ కాలేజీకి రాకముందే, చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే, ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో ఆట నేర్పింది పెనిక్. మరి 1971 గెలుపు ఎవరిది?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కారణం మా బడి వరండాలో ఉన్న పలక. దాని మీద నాలుగు గడులు, సంవత్సరం, ఆట, స్థానం, శిక్షకుడు. రెండేళ్ళ కింద మా ఆడపిల్లల ఖోఖో జట్టు జిల్లాలో మొదటిసారి గెలిచింది. నేనూ ఆ జట్టులో ఉన్నాను. దాని ముందు సంవత్సరం మా పాత పీటీ సారు రిటైర్ అయినారు. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఖోఖో నేర్పినారు, జోనల్ దాటి ఎప్పుడూ పోలేదు. కొత్త సారు వచ్చిన ఆరు నెలలకు కప్పు వచ్చింది. పలక మీద కొత్త సారు పేరు రాసినారు. అది తప్పు అని నేను అనలేను. ఆ రోజు మాతో బస్సులో వచ్చింది ఆయనే, ఎండలో నిలబడి అరిచింది ఆయనే. హానన్ విషయంలోనూ అంతే. ఎనిమిదేళ్ళు కష్టపడి జట్టు తయారు చేసుకున్నాడు, ఆయన పేరు తీసెయ్యమని అడగడం న్యాయం కాదు. గడి ఒక్కటే ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది. రికార్డు పుస్తకం అబద్ధం చెప్పదు కానీ సగం మాత్రం చెప్తుంది. మిగతా సగం కోసం ఆయన ఎట్ల నేర్పినారో చూడాలి.

పెనిక్ పద్ధతిలో మొదటిది, ఆటను గుంత దగ్గర నుంచి వెనక్కి నేర్పడం. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ బంతిని దూరంగా కొట్టాలనే ఉంటుంది. ఆయన ముందు గుంత పక్కన నిలబెట్టి దొర్లించమనేవారు. అది వచ్చాక కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి. క్రెన్‌షా చిన్నవాడిగా వచ్చినప్పుడు జరిగిన సంగతి ఒకటి రాసుకున్నారు. బంతిని ఆ నున్నటి పచ్చిక మీదికి కొట్టమంటే కొట్టాడంట. ఇప్పుడు పద, గుంతలో వేద్దాం అంటే, గుంతలో వెయ్యాలని ముందే చెప్పకపోతివి కదా అని అడిగినాడంట ఆ పిల్లవాడు! మా ఊళ్ళో గోలీలాట నేర్పేటప్పుడు కూడా చిన్నపిల్లల్ని గుంత దగ్గరే కూర్చోబెడతారు. కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు, ఇంత పెద్ద సారు కూడా అట్లనే చేశాడా అనిపించింది.

రెండోది, తక్కువ చెప్పడం. ఒక మాత్ర ఇస్తే సీసా మొత్తం మింగొద్దని శిష్యులకు చెప్పేవారంట. అంటే నేను చేతిని కొంచెం జరపమంటే మీరు బారెడు జరపొద్దని అర్థం. 'అట్ల చెయ్యొద్దు' అనే మాట నోటి నుంచి రాకుండా జాగ్రత్తపడేవారు, ఎందుకంటే కొట్టబోయే ముందు ఆ చెయ్యొద్దన్నదే మనసులో తిరుగుతుంది. చెయ్యాల్సింది మాత్రమే చెప్పేవారు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. కైట్, క్రెన్‌షా ఇద్దరూ ఒకే ఊరు, ఒకే క్లబ్, ఒకే సారు. అయినా ఒకరికి పాఠం చెప్పేటప్పుడు ఇంకొకరిని దగ్గర ఉండనిచ్చేవారు కాదు. కైట్ చీకటి పడేదాకా సాధన చేసే రకం. క్రెన్‌షాకు ఆట పుట్టుకతో వచ్చినట్టుండేది, ఎక్కువ సాధన చేస్తే ఉన్నది చెడిపోతుందేమో అని సారు భయం. ఒకరి మందు ఇంకొకరు తాగకూడదని విడివిడిగా చెప్పేవారు. మా తరగతిలో నలభై మందికీ ఒకే బోర్డు మీద ఒకే లెక్క. అది వేరే సంగతి, ఇక్కడ వద్దులెండి.

ఆడపిల్లల సంగతి కూడా రాయాలి. ఆయన కోచ్‌గా ఉన్న కాలంలో విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు గోల్ఫ్ జట్టు లేదు. అందుకే ఆయన 21 గెలుపుల్లో ఒక్క ఆడపిల్ల పేరూ కనబడదు. కానీ అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన బెట్సీ రాల్స్ ఆయన దగ్గర ఆట నేర్చుకుంది. పదిహేడేళ్ళకు మొదటిసారి కర్ర పట్టిన ఆ అమ్మాయి అమెరికా మహిళల ఓపెన్ పోటీని నాలుగు సార్లు గెలిచింది, 1951, 1953, 1957, 1960లో. న్యూమెక్సికో రాష్ట్రంలో జాల్ అనే చిన్న ఊరి నుంచి కేథీ విట్‌వర్త్ అనే అమ్మాయి తల్లితో కలిసి కారులో వందల మైళ్ళు వచ్చి ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకుంది. ఆమెకు మొదట నేర్పిన గురువే, నాకు వచ్చింది ఇంతే, ఇక పెనిక్ దగ్గరికి పో అని పంపించాడు. అట్ల పంపించిన ఆ గురువుకు కూడా దణ్ణం పెట్టాలి. విట్‌వర్త్ తర్వాత అమెరికా మహిళల టూర్‌లో 88 పోటీలు గెలిచింది. అంతకంటే ఎక్కువ గెలిచిన ఆడమనిషి ఆ టూర్‌లో లేదు. రాల్స్ గెలిచినవి, విట్‌వర్త్ గెలిచినవి ఏ కాలేజీ కోచ్ లెక్కలోకీ రావు.

పొగడ్త మాత్రమే రాస్తే చరిత్ర కాదని మా సోషల్ సారు అంటారు. అందుకని ఇదీ చెప్తాను. టెక్సాస్ విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థులను చాలాకాలం చేర్చుకోలేదు. 1950లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక లా కాలేజీలోకి, 1956లో డిగ్రీ తరగతుల్లోకి రానిచ్చింది. ఆటల జట్లలోకి రావడానికి ఇంకా ఆలస్యమైంది. అంటే పెనిక్ 33 ఏళ్ళలో ఎక్కువ కాలం ఆయన జట్టు తలుపు కొంతమందికే తెరిచి ఉంది. ఆ రూలు ఆయన పెట్టింది కాదు. కానీ 21 అనే అంకె చదివేటప్పుడు, ఆ పోటీలోకి రానివ్వనివాళ్ళు కూడా ఉన్నారని గుర్తుండాలి.

ఇక ఆ ఎర్ర పుస్తకం కథ. ఏ శిష్యుడికి ఏ మాట పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో ఆయన దశాబ్దాల పాటు ఒక ఎర్ర నోటు పుస్తకంలో రాసుకున్నారు. దాన్ని కొడుక్కు తప్ప ఎవరికీ చూపించలేదు. 1991లో, మనిషి బాగా ముసలివాడై ఆరోగ్యం చెడిపోయాక, బడ్ ష్రేక్ అనే రచయితకు చూపించి దీన్ని అచ్చుకు పనికొచ్చేటట్టు చెయ్యమన్నారు. ష్రేక్ ప్రచురణ సంస్థతో మాట్లాడి 90,000 డాలర్లకు ఒప్పందం అయిందని ఇంటికి చెప్పి పంపారు. పెనిక్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదంట. మర్నాడు ష్రేక్‌తో, నా మందుల ఖర్చే మోయలేకున్నాను, అంత డబ్బు నేను కట్టలేను అన్నారంట. తన పుస్తకం అచ్చు వెయ్యడానికి తనే ఎదురు కట్టాలనుకున్నారు! వాళ్ళే ఇస్తారని చెప్పాల్సి వచ్చింది. ఇది చదివి వినిపిస్తే మా మామ మొదట నవ్వినాడు. కొంచెంసేపాగి, "మనకెవరైనా డబ్బులిస్తారని మనకు తోచదు కదా" అన్నాడు. 1992లో పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. 33 ఏళ్ళ కోచ్ పనికి రాని పేరు ఆ నోటు పుస్తకానికి వచ్చింది. అదే ఏడాది టామ్ కైట్ యూఎస్ ఓపెన్ గెలిచాడు.

చివరి పాఠం 1995 మార్చిలో జరిగింది. అగస్టా అనే ఊళ్ళో జరిగే మాస్టర్స్ పోటీ గోల్ఫ్‌లో అన్నిటికంటే పేరున్నవాటిలో ఒకటి. క్రెన్‌షా దాన్ని 1984లో ఒకసారి గెలిచాడు. ఇప్పుడు 43 ఏళ్ళు, ఆట సరిగా లేదు. సారు మంచం మీద ఉన్నారు, లేవలేరు. ఆయన గదిలోనే క్రెన్‌షా బంతిని దొర్లించే కర్ర పట్టుకొని చూపిస్తే, పడుకొనే చూసి సరిదిద్దారు. తర్వాత ఏప్రిల్ 2న, ఆదివారం, పెనిక్ చనిపోయారు. 90 ఏళ్ళు. బుధవారం కైట్, క్రెన్‌షా అగస్టా నుంచి విమానంలో ఆస్టిన్ పోయి పెట్టె మోసి, మళ్ళీ ఆ రాత్రికే వెనక్కి వచ్చారు. గురువారం పోటీ మొదలైంది. ఏప్రిల్ 9న, ఆదివారం, క్రెన్‌షా ఒకే ఒక్క దెబ్బ తేడాతో మాస్టర్స్ గెలిచాడు. చివరి బంతి గుంతలో పడగానే వంగి రెండు చేతుల్లో మొహం పెట్టుకొని ఏడ్చాడు. అప్పుడు వచ్చి భుజాలు పట్టుకున్నది ఆయన కేడీ కార్ల్ జాక్సన్. సంచిలో 14 కర్రలే ఉండాలి కానీ నా దగ్గర 15వది కూడా ఉండింది, అది హార్వీ అని తర్వాత చెప్పాడు.

ఈ గెలుపు గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం రెండో స్థానం వచ్చినవాడి సంగతి ఇంకా ఆశ్చర్యం. ఆయన పేరు డేవిస్ లవ్. పెనిక్ చనిపోయిన రోజే న్యూఆర్లీన్స్‌లో ఒక పోటీ గెలిచి, ఆ గెలుపుతోనే మాస్టర్స్‌లో చోటు సంపాదించుకొని వచ్చాడు. ఆయనకు ఆట నేర్పింది వాళ్ళ నాన్న. వాళ్ళ నాన్నేమో టెక్సాస్ విశ్వవిద్యాలయం జట్టులో పెనిక్ దగ్గర ఆడినవాడు. అంటే ఆ ఆదివారం మొదటి స్థానం సారు శిష్యుడిది, రెండో స్థానం సారు శిష్యుడి కొడుకుది. దీన్ని రాసుకోవడానికి ఏ రికార్డు పుస్తకంలో గడి ఉంటుంది? 2002లో ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెనిక్‌ను, క్రెన్‌షాను ఒకే ఏడాది చేర్చారు. అదొక్కటి కొంచెం దగ్గరగా వచ్చింది అనుకుంటాను.

వ్యాసం రాయడం అయ్యాక మా పాత పీటీ సారు ఇంటికి పోయినాను. పెరట్లో చిక్కుడు పాదుకు పందిరి కడుతున్నారు. గోల్ఫ్ గురించి రాసినానంటే "ఖోఖో ఆడేదానివి, నీకు గోల్ఫ్ ఎందుకే" అని నవ్వినారు. నేను కథ మొత్తం చెప్పినాను. పందిరి తాడు చేతిలో అట్లే పట్టుకొని విన్నారు. గుంత దగ్గర నుంచి వెనక్కి నేర్పే సంగతి వచ్చినప్పుడు మాత్రం మధ్యలో ఆపినారు.

"నేను మీకు మొదట ఏం నేర్పినాను, గుర్తుందా?"

గుర్తుంది. ఆరో తరగతిలో నెల రోజులు మమ్మల్ని పరుగెత్తనియ్యలేదు. స్తంభం దగ్గరే నిలబెట్టి, చేత్తో పట్టుకొని తిరగడం ఒక్కటే చేయించినారు. మాకు విసుగొచ్చి వెనకాల తిట్టుకున్నాం కూడా. జిల్లా ఫైనల్లో చివరి నిమిషంలో మేం పట్టిన ఇద్దరినీ స్తంభం దగ్గరే పట్టినాం.

"గుర్తుంది సార్" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. తాడు ముడి వేసి, చేతులు కడుక్కొని వచ్చి, "ఆ పుస్తకం తెలుగులో ఉందా?" అని అడిగినారు.

"నా దగ్గర ఉన్నది ఇంగ్లీషుది సార్."

"అయితే వచ్చే ఆదివారం తీసుకొని రా. నువ్వు చదివి చెప్పు, నేను వింటాను. మీ మామను కూడా పిలుచుకొని రా."